దీవిలో ఇమాంసాబ్ తాగిన నీళ్లు

పామిడిలో నాకు మోటర్ల అంగడి ఉంది. బోర్లలోకి దించే మోటర్లు, పైపులు, కేబుళ్లు అమ్ముతాను. ముప్పై ఏళ్లుగా నేను అమ్మిన మోటర్లలో సగం ఇమాంసాబ్ చూపించిన చోట దిగినవే. అందుకని ఆయన గురించి నాలుగు మాటలు రాసే హక్కు నాకుందని అనుకుంటున్నాను. ఆయన్ను అడిగితే లేదంటాడు. ఎందుకు లేదంటాడో కూడా చెప్తాను.

ఇమాంసాబ్ నీళ్లు చూసేవాడు. పీచు ఒలిచిన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి చేనంతా తిరుగుతాడు. నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుంది. అక్కడ మడమతో గుంట చేసి, రాయి పెట్టి, పక్కకు వచ్చేస్తాడు. కూలి కింద ఆ కాయ తప్ప ఇంకేమీ తీసుకోడు. అరవై ఏడేళ్ల మనిషి, ఎముకల మీద చర్మం ఆరేసినట్టుంటాడు. కొబ్బరికాయ లేవడం శాస్త్రమా, చేతివాటమా అని చదువుకున్నవాళ్లు నన్ను అడుగుతుంటారు. నాకు తెలియదు. నాకు తెలిసింది ఒకటే. మిషన్ పెట్టి పాయింటు చూపించిన ఇంజినీరు బోరు దిగేటప్పుడు అనంతపురంలో బిరియాని తింటుంటాడు. ఇమాంసాబ్ మాత్రం నీళ్లు కూడా తాగడు.

అది ఆయన కట్టడి. తాను చూపిన చోట బోరు బండి మొదలుపెట్టిన క్షణం నుంచి, అడుగున నీళ్లు కనబడేదాకా ఆయన గొంతులో చుక్క పడదు. గట్టు మీద కూర్చుని చూస్తుంటాడు. నీళ్లు పడితే ఆ బురద నీళ్లే దోసిట్లో పట్టుకుని తాగుతాడు. పడకపోతే ఇంకో పద్ధతి. రైతు తన చేత్తో చెంబు తెచ్చి ఇవ్వాలి. ఇస్తే తాగుతాడు. అంటే రైతు ఆయన్ను తప్పు పట్టలేదని అర్థం. ఇవ్వకపోతే అట్లాగే కూర్చుంటాడు. ఒకసారి గార్లదిన్నె దగ్గర ఒక రైతు కోపంతో మరుసటి రోజు పొద్దునదాకా ఇవ్వలేదు. ఈయన కదల్లేదు. చివరికి ఆ రైతు తల్లి కొడుకును నాలుగు తిట్టి, చెంబు చేతికిచ్చి పంపింది.

ఈ బాధంతా ఎందుకన్నా అని ఒకసారి అడిగాను.

"మా నాయన చెప్పినాడప్పా. రైతు గొంతు ఎండుతాంటే చూపినోని గొంతు తడిగా ఉండగూడదు అని. నాకు ఇంగేం విద్య ఉండాది? కాయ లేస్తాది, అది అల్లా దయ. నాది ఈ ఒక్కటే."

పడిన బోర్లు ఎన్ని అని అడిగితే ఆయనకు గుర్తుండవు. "అవి మోటర్లు అమ్మినోనికి గుర్తుంటాయి" అని నన్ను ఎత్తిపొడుస్తాడు. పడనివి మాత్రం రైతు పేరుతో, చేని పేరుతో, అడుగులతో సహా చెప్తాడు.

పోయిన ఏప్రిల్లో మా మోటర్ల కంపెనీ డీలర్లందరినీ అండమాన్ యాత్రకు తీసుకుపోయింది. ఎక్కువ మోటర్లు అమ్మినవాళ్లకు ఇద్దరిద్దరికి టికెట్లు. మా ఇంటావిడ సుమిత్రమ్మ రానంది. "భూమ్మీదనే నీళ్లు లేక చస్తాంటే నీళ్ల మీదికి పొయ్యి చావల్లనా" అంది. రెండో టికెట్టు ఇమాంసాబ్‌కు ఇద్దామని నాకు తోచింది. ఆ మోటర్లు అమ్ముడుపోయింది ఆయన వల్లే కదా. పైగా ఆయన సముద్రం చూడలేదు. బతుకంతా వెయ్యడుగుల కింద రెండు ఇంచుల నీళ్లు వెతికిన మనిషికి అన్ని నీళ్లు ఒకేచోట చూపించాలని నాకు సరదా. బయలుదేరేటప్పుడు ఆయన భార్య మాబీ నన్ను పక్కకు పిలిచి, "మొండిమనిషప్పా, ఆయప్పను చూసుకో" అంది. చూసుకుంటానన్నాను.

అప్పటికి ఒక్క పని మిగిలి ఉంది. మా ఊరికి నాలుగు మైళ్ల దూరంలో తిప్పేష్ అనే రైతుకు మూడు వందల చీనీ చెట్లు, అంటే బత్తాయి చెట్లు, ఉన్నాయి. పద్నాలుగేళ్లు బిడ్డల్ని సాకినట్టు సాకాడు. పాత బోరు ఎండిపోయింది. ఆకు ముడుచుకుంటోంది. మే నెల దాటేలోపు నీళ్లు పడకపోతే తోట మొత్తం నరుక్కోవడమే. ఇమాంసాబ్ చేనంతా రెండు రోజులు తిరిగి ఒక చోట రాయి పెట్టాడు. బోరు బండ్ల ఏజెంటు రంగన్న మేము తిరిగొచ్చాకే బండి వస్తుందన్నాడు. ఆ మాట మీదే ఇమాంసాబ్ విమానం ఎక్కాడు.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదంటారు. బోరు బండి రాకడ కూడా వాటిలో చేర్చాలి. మేము అక్కడ దిగిన మరుసటి సాయంత్రం రంగన్న నాకు ఫోన్ చేశాడు. "శేషయ్యన్నా, బండి ఖాళీ అయింది. రేపు పొద్దున ఆరుగంటలకు తిప్పేష్ చేనులో మొదలుపెడతాం. రేపు కాదంటే ఇంగ నెలదాకా దొరకదు. సాబన్నకు చెప్పు."

చెప్పాను. చెప్పకుండా ఉంటే సరిపోయేది. ఇమాంసాబ్ "సరే. పాపం, వాని చెట్లు ఆగవు" అన్నాడు. తెల్లవారి ఐదున్నరకు ఒక గ్లాసు నీళ్లు తాగి గ్లాసు బోర్లించాడు.

ఆ రోజు మాకు దీవి చుట్టూ తిరిగే యాత్ర. పొద్దున పడవలో పక్క దీవికి పోవడం, అక్కడ వ్యాన్లో అన్నీ చూసి సాయంత్రానికి తిరిగి రావడం. మా గైడు పేరు జాయ్. బెంగాలీ కుర్రాడే గానీ అక్కడే పుట్టి పెరిగినవాడు. హిందీ మాట్లాడతాడు. మా డీలర్ల హిందీ సంగతి దేవుడికెరుక, "పానీ", "ఖానా" దాటదు. అందుకని ఇమాంసాబ్ మా అందరికీ నోరయ్యాడు. జాయ్ చెప్పింది విని తెలుగులో మాకు చెప్పేవాడు. పడవ కడ్డీ పట్టుకుని సముద్రాన్ని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశాడు. తర్వాత, "ఇంత నీళ్లు పెట్టుకోని ఉప్పు కలిపినాడు సూడు" అన్నాడు. దేవుడి మీద అంత మాట ఆయన అనగా నేను వినడం అదే మొదటిసారి.

మన ఎండ వేరు, ఆ ఎండ వేరు. మన దగ్గర చెమట పట్టేలోపే ఆరిపోతుంది. అక్కడ ఒళ్లంతా చిత్తడి, చొక్కా పిండితే నీళ్లు. తొమ్మిదికల్లా మేమంతా తలా రెండు సీసాలు తాగేశాం. ఇమాంసాబ్ చొక్కా కూడా మాలాగే తడిసింది. ఆ పోయిన నీళ్లు తిరిగి లోపలికి వెళ్లడం లేదు, అంతే తేడా.

కదిరి డీలరు కేశవ నోరు ఊరుకోదు. దారి పక్కన పడి ఉన్న కొబ్బరికాయ ఒకటి తెచ్చి, "సాబన్నా, ఈడ యాడ నీళ్లుండాయో కొంచెం చూసి చెప్పన్నా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇమాంసాబ్ ఆ కాయను చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టి, "నోరు ఎండినప్పుడు కాయ పట్టగూడదప్పా" అన్నాడు. కేశవకు సంగతి తెలియదు. నేను చెప్పాక, "ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి" అని పెదవి విరిచాడు.

తొమ్మిదిన్నరకు ఫోన్ సిగ్నల్ దొరికింది. నాలుగు వందల అడుగులు, దుమ్ము. పదకొండున్నరకు ఏడు వందలు, దుమ్ము. నేను చెప్పిన ప్రతిసారీ ఇమాంసాబ్ తల ఊపేవాడు. "తొమ్మిది వందల మీద ఒక పగులు ఉండల్ల" అనేవాడు. తెల్ల ఇసుక ఒడ్డుకు తీసుకుపోయారు. అందరూ నీళ్లలో దిగి చిన్నపిల్లల్లా గంతులేశారు. ఆయన ఒడ్డున చెట్టు నీడలో కూర్చున్నాడు. పెదవులు తెల్లగా పొరలు లేచాయి. జాయ్ మూతి కొట్టిన లేత బోండం తెచ్చి ఇస్తే, తలకు తాకించుకుని తిరిగి ఇచ్చేశాడు.

ఒంటిగంటకు భోజనాల దగ్గర లేవబోయి పడ్డాడు. పట్టుకుని బల్ల మీద పడుకోబెట్టాం. ఒళ్లు కాలుతోంది. చెమట ఆగిపోయింది. జాయ్ భయపడి నాతో గట్టిగా ఏదో అన్నాడు. ఎప్పుడూ తర్జుమా చేసే మనిషి బల్ల మీద పడి ఉన్నాడు గనుక నాకు సగమే అర్థమైంది. నీళ్లు తాగించకపోతే పోతాడని అంటున్నాడు. సీసా నోటి దగ్గర పెట్టాను. పళ్లు బిగించి తల తిప్పుకున్నాడు.

అప్పుడే రంగన్న ఫోన్. పది అడుగులు పక్కకు పోయి ఎత్తాను.

"వెయ్యిన్నీ ఎనభై అడుగులు పోయినామన్నా. తెల్లపిండి తప్ప తేమ గూడా ల్యా. రాడ్లు పీకుతాండారు. తిప్పేష్ మాట్లాడ్డం లేదు. సాబన్నకు చెప్పు."

ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చి, ఆయన చెవి దగ్గర వంగి అన్నాను. "అన్నా, పడినాయి. తొమ్మిది వందల నలభైలో. రెండున్నర ఇంచులు."

కళ్లు తెరిచాడు. "తొమ్మిది వందల నలభైలో?"

"అవున్నా."

"నేను చెప్పల్యా పగులు ఉండల్లని" అన్నాడు. నవ్వాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది. సీసా తానే పట్టుకుని గటగటా తాగాడు. ఇంకోటి తాగాడు. తిప్పేష్‌తో మాట్లాడతానన్నాడు. సిగ్నల్ పోయిందన్నాను. ఆయన సొంత ఫోన్ ఆ దీవిలో పలకడం లేదు.

ఆయన ప్రాణం కాపాడడానికే అబద్ధమాడానని అందరికీ చెప్పుకుంటాను. అది సగమే. నాలుగు గంటలకు అద్దాల పడవ ఉంది. అడుగున అద్దం ఉంటుంది, అందులోంచి నీళ్ల కింద పగడాలు కనబడతాయి. మనిషిని ఆసుపత్రికి మోస్తే ఆ పడవ తప్పిపోతుందన్న ఆలోచన కూడా ఆ క్షణంలో నా బుర్రలో ఉంది. సిగ్గులేకుండా ఉంది. ఇంకో సంగతి. తిప్పేష్‌కు ఫోన్ చేసి, "నువ్వే ఒకమాట చెప్పప్పా, నీళ్లు తాగమని" అని అడిగి ఉంటే అతను కాదనేవాడు కాదు. చేత్తో ఇవ్వకపోయినా నోటితో ఇచ్చేవాడు. అది నాకు తట్టలేదు. అబద్ధమే ముందు తట్టింది.

పగడాలు చూశాను. ఏమంత గొప్పగా లేవు.

తిరిగి పడవ రేవుకు పోతుంటే జాయ్ తన ఇంటి ముందు వ్యాన్ ఆపి అందరికీ టీ ఇప్పించాడు. ఇమాంసాబ్ అప్పటికి బాగా తేరుకున్నాడు. హుషారుగా ఉన్నాడు. మాటల్లో జాయ్ చెప్పాడంట, వాళ్లకు కుళాయి నీళ్లు మూడు రోజులకోసారి వస్తాయని, ఎండాకాలంలో అదీ లేదని. ఇమాంసాబ్ మాకు అది తెలుగులో చెప్పి, ఆశ్చర్యపోయి, వెంటనే చెప్పులు విడిచాడు. కాయ అడిగి తీసుకున్నాడు. పెరడంతా తిరిగాడు. వంటింటి వెనక పనసచెట్టు దగ్గర కాయ లేచి నిలబడింది. మడమతో గుంట చేసి రాయి పెట్టాడు. "ఇరవై అడుగుల లోపలే తీపి నీళ్లు. బావి తొవ్వుకో బేటా. తొవ్వే రోజు ఈ శేషయ్యకు ఫోన్ చెయ్యి. ఆ పొద్దు నేను మా ఊర్లో నీళ్లు తాగను" అని జాయ్‌తో హిందీలోనూ మాతో తెలుగులోనూ అన్నాడు. ఈసారి కేశవ కూడా నవ్వలేదు.

తర్వాతి రెండు రోజులు ఆయనంత సంతోషంగా ఉన్న మనిషి మా బృందంలో లేడు. తిప్పేష్ భార్య చెన్నమ్మకని గవ్వల దండ కొన్నాడు. నేను ప్రతి గంటా నిజం చెప్దామనుకున్నాను. విమానంలో చెప్దామనుకున్నాను. బెంగుళూరులో చెప్దామనుకున్నాను. బస్సు పెనుకొండ దాటింది, అనంతపురం దాటింది. తిప్పేష్‌కు ఫోన్ కలపమని ఆయన అడిగినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పాను. బోరు పడకపోయినా తిప్పేష్ మాకు ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. కష్టం వచ్చినప్పుడు నలుగురికీ చెప్పుకునే మనిషి కాదతను.

పామిడిలో దిగగానే ఇమాంసాబ్ ఇంటికి పోకుండా ఆటో ఎక్కాడు. "నీళ్లు చూసి పోదాం రాప్పా." వెంట పోయాను. ఆటో శబ్దంలో రెండుసార్లు "అన్నా" అన్నాను. రెండుసార్లూ ఆయన "ఏమప్పా" అన్నాడు. ఏమీ లేదన్నాను.

చేను గట్టు ఎక్కేసరికి దూరం నుంచే తెల్లటి పిండి కుప్ప కనబడింది. నీళ్లు పడిన బోరు చుట్టూ బురద ఉంటుంది, ఎండినా పెచ్చులు కడుతుంది. ఇది గాలికి లేస్తోంది. నలభై ఏళ్లుగా అవి చూసిన మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇమాంసాబ్ నిలబడిపోయాడు. నావైపు తిరగలేదు.

చీనీ చెట్ల నీడలోంచి తిప్పేష్ లేచి వచ్చాడు. అతని వెనక చెన్నమ్మ. ఆమె చేతిలో మూత పెట్టిన చెంబు.

"వచ్చినావా మామా" అన్నాడు తిప్పేష్. అతని గొంతులో కోపం లేదు. "మాకు రాసిపెట్టి లేదు, నువ్వేం చేస్తావులే. మూడు దినాలాయ నీ కోసరం చూస్తాండాం. ఆడ పరాయి చోట నోరు ఎండబెట్టుకోని ఎట్లుండావో అని ఇది నిన్న కూడు గూడా తినల్యా."

చెన్నమ్మ చెంబు మొగుడి చేతికిచ్చింది. "ట్యాంకరు నీళ్లే మామా. మంచివే" అంది. తిప్పేష్ రెండు చేతులతో చాపాడు. "తాగు మామా. నీ తప్పేం లేదు."

ఇమాంసాబ్ చేతులు పైకి లేవలేదు. ఒక చేతిలో గవ్వల దండ ఉన్న కాగితం పొట్లం.

"నేను తాగేసినానప్పా" అన్నాడు.

తిప్పేష్‌కు అర్థం కాలేదు. "ఏం తాగినావు?"

"నీళ్లు. ఆ పొద్దే తాగేసినా. సీసాలు సీసాలు తాగినా. ఇంగోని పెరట్లో కాయ గూడా పట్టినా. నీ బోరులో దుమ్ము లేస్తాంటే నేను ఆడ నవ్వినానప్పా."

నేను ముందుకు వచ్చి అంతా చెప్పాను. పడిపోయాడని, పోతాడేమోనని, నేనే అబద్ధం చెప్పానని. తిప్పేష్ నన్ను తిట్టలేదు. "ప్రాణం పోతాంటే ఏం చేస్తారులే అన్నా" అన్నాడు. మళ్లీ చెంబు చాపాడు. "తెలీక తాగినావు మామా, అది లెక్కలోకి రాదు. ఇప్పుడు తాగు." చెన్నమ్మ కూడా బతిమాలింది. ఇమాంసాబ్ చెంబును తాకలేదు. తర్వాత గవ్వల పొట్లం గట్టు మీద పెట్టి, ఎండలో నడిచి వెళ్లిపోయాడు. ఆటో పక్కన నడిపిస్తూ, ఎక్కమని ఊరిదాకా అడిగాను. ఎక్కలేదు.

మే చివర్లో తిప్పేష్ తోట నరికేశాడు. కట్టెలు లారీకి ఎత్తిన రోజు ఇమాంసాబ్ పోయి నిలబడ్డాడంట. ఆ తర్వాత ఆయన కాయ పట్టలేదు. ఉరవకొండ నుంచి, బుక్కరాయసముద్రం నుంచి రైతులు వస్తారు. "నా నోరు చెడిపోయిందప్పా, ఇంగొకర్ని చూసుకోండి" అని పంపేస్తాడు. నా వ్యాపారం తగ్గింది. అది నాకు తగినదే.

అక్టోబరులో జాయ్ నాకు ఫోన్ చేశాడు. అతని హిందీలో "పానీ" అన్నది అర్థమైంది, "మీఠా" అన్నది అర్థమైంది. మిగతాది పక్క అంగడాయనకు ఫోన్ ఇచ్చి అర్థం చెప్పించుకున్నాను. బాబాను, అంటే ఇమాంసాబ్‌ను, అడిగానని చెప్పమన్నాడు. పనసచెట్టు దగ్గర బావి తవ్వితే పదిహేడు అడుగుల్లో నీళ్లు పడ్డాయి. వీడియో కూడా పంపాడు. బొక్కెన పైకి వస్తోంది, ఒక ముసలామె నీళ్లు తలమీద పోసుకుని నవ్వుతోంది. నేను అంగడి మూసి పరుగున ఇమాంసాబ్ ఇంటికి పోయాను. ఆ ఇంటి గడప తొక్కి ఆరు నెలలైంది.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. మాబీ అరుగు మీద బియ్యం ఏరుతోంది.

"అన్నా, పడినాయి! జాయ్ బావిలో నీళ్లు పడినాయి. పదిహేడు అడుగులు. తీపి నీళ్లు" అన్నాను. ఆయాసంగా ఉంది నాకు. ఆ మాటలు నా నోట్లోంచి ఎట్లా వస్తున్నాయో నాకే వినబడింది. దీవిలో బల్ల దగ్గర వంగి చెప్పినప్పుడు కూడా సరిగ్గా ఇట్లాగే వచ్చాయి.

ఆయన నా ముఖం చూశాడు. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నిజమన్నా. ఇదిగో చూడు. జాయ్‌తోనే మాట్లాడు" అని ఫోన్ చాపాను.

చేతిని మెల్లగా పక్కకు తోశాడు. "వద్దులేప్పా. ఆ పొద్దు గూడా ఈ ఫోన్లోనే గదా నీళ్లు పడింది."

ఫోన్ జేబులో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. అరగంట కూర్చున్నాను. ఎవరొచ్చినా ముందు చెంబు చేతికిచ్చే ఇల్లు అది. మాబీ ఒకసారి లేవబోయి ఆయన వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. మళ్లీ కూర్చుని బియ్యం ఏరుకుంది. నేను లేచి వచ్చేదాకా ఎవరూ నన్ను నీళ్లు తాగమని అనలేదు.